టిఫిన్ సెంటర్ మెనూతో ఫ్రంట్ ఎండ్ నేర్చుకోండి

ఫ్రంట్ ఎండ్, అంటే వెబ్ పేజీలో జనానికి కనిపించే భాగం తయారు చేసే పని, నేర్చుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఏ కోర్సు బాగుంటుందన్నా?" అని. నేను తిరిగి అడిగేది "మీ ఇంటి దగ్గర టిఫిన్ సెంటర్ ఉందా?" అని. ఉంటే అదే మీ మొదటి పాఠం. ఆ సెంటర్ మెనూని తెలుగులో, ఫోన్‌లో హాయిగా చదువుకునేలా ఒక్క పేజీగా తయారు చేయండి.

నేను ఈ దారిలోకి చుట్టూ తిరిగి వచ్చాను. అమీర్‌పేటలో ఒకచోట ఫీజు కట్టి చేరితే రెండో వారానికే రియాక్ట్ (జావాస్క్రిప్ట్ మీద కట్టిన రెడీమేడ్ సరంజామా) ఎత్తుకున్నారు. సార్ కొట్టింది చూసి మేమూ కొట్టేవాళ్లం, తెర మీద బొమ్మ వచ్చేది, అందరికీ సంతోషం. మూడు నెలలయ్యాక ఒకాయన రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూపించమంటే నాకు చెమటలు పట్టాయి. ఊరికొచ్చి, మా వీధి చివర టిఫిన్ సెంటర్ బాబాయ్ కోసం పేజీ చేయడం మొదలుపెట్టాక గానీ ఈ పనేమిటో అర్థం కాలేదు. అక్కడ రేట్లు మారతాయి. చూసేవాడు ఎండలో బైక్ మీద కూర్చుని చూస్తాడు. నచ్చకపోతే యజమాని మొహం మీదే చెబుతాడు. వీడియో చూస్తూ చేసిన నెట్‌ఫ్లిక్స్ నకలుకి ఈ తిప్పలేవీ ఉండవు, కాబట్టి అది నేర్పేదీ అంతంతమాత్రమే.

రోజుకి గంట కూర్చోగలిగితే ఇది ఆరేడు వారాల పని. ఒక మాట: ట్యాగుల (పేజీలో ఏది ఏమిటో చెప్పే గుర్తులు) పేర్లు, ప్రాపర్టీల (అది ఎలా కనిపించాలో చెప్పే మాటలు) పేర్లు మనం పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు కాగితం

సెంటర్‌కి వెళ్లి గోడ మీద బోర్డుని ఫోటో తీసుకోండి. తర్వాత అరగంట అక్కడే కూర్చుని, ఫోన్ చేసేవాళ్లు ఏం అడుగుతున్నారో వినండి. మా బాబాయ్‌కి వచ్చే ఫోన్లలో మూడే ప్రశ్నలు: తీసి ఉందా, పెసరట్టు ఉందా, ఎంత. అంటే పేజీ పైభాగంలో ఉండాల్సినవి ఆ మూడూ. సెంటర్ చరిత్ర, వినాయకుడి బొమ్మ, స్వాగతం సుస్వాగతం అన్నీ కిందికి పోవచ్చు. ఫోన్ సైజులో కాగితం మీద ఒక పెట్టె గీసి ఏది ఎక్కడ వస్తుందో పెన్సిల్‌తో రాసుకోండి. డిజైన్ అంటే ప్రస్తుతానికి ఇంతే.

మెనూ టైపు చేయడం దగ్గర ఒక చిక్కు వస్తుంది. "ఫ్లెక్సీ వేయించినప్పటి ఫైలు ఉంది, తీసుకో" అని యజమాని ఉత్సాహంగా ఇస్తాడు. అందులోంచి కాపీ చేసి అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చినవి. ఆ ఫాంట్ ఉన్నచోట తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట గుట్టు బయటపడుతుంది. 2000 తర్వాత తొలి ఏళ్లలో తెలుగు వార్తల సైట్లు కూడా ఇలాగే సొంత ఫాంట్లతో నడిచేవి. ఇప్పుడు వెబ్‌లో తెలుగంటే యూనికోడే. అందులో మన లిపికి 128 స్థానాలు కేటాయించారు, ఏ ఫోన్ అయినా వాటిని తెలుగుగానే చదువుతుంది. కాబట్టి మెనూ మొత్తం మళ్లీ టైపు చేయండి. ఫోన్‌లో జీబోర్డ్‌తో కొట్టి మీకు మీరే వాట్సాప్ చేసుకోవడం తేలిక.

హెచ్‌టీఎమ్‌ఎల్: అస్థిపంజరం

పేజీలో ఏమేం ఉండాలో ట్యాగులతో రాసే భాష ఇది. రాయడానికి కంప్యూటర్‌లో వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వేసుకోండి, ఉచితం. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏకోడ్ అనే ఎడిటర్‌తో మొదలుపెట్టొచ్చు. కళ్లు లాగుతాయి గానీ పని జరుగుతుంది. ఒక ఫోల్డర్ చేసి అందులో ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనే ఫైలు తెరవండి. వీఎస్ కోడ్‌లో ఒక్క ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ చట్రమంతా అదే పడుతుంది. అందులో నాలుగు వరుసల గురించి తెలుసుకోవాలి.

మొదటిది డాక్‌టైప్. అది లేకపోతే బ్రౌజర్ ఈ పేజీని పాతకాలపుదనుకుని పాత లెక్కలతో గీస్తుంది. రెండోది లాంగ్ అనే గుణం. అక్కడ ఇంగ్లీషుకి గుర్తుగా "ఈఎన్" ఉంటుంది, దాన్ని తెలుగు గుర్తు "టీఈ"గా మార్చండి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఈ గుర్తును బట్టే తెలుగు గొంతు ఎంచుకుంటుంది. మూడోది క్యారెక్టర్ సెట్, యూటీఎఫ్-8. ఆ పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్ 3 బైట్లు తీసుకుంటుంది. బ్రౌజర్‌కి ఆ సంగతి చెప్పకపోతే మూడింటినీ మూడు వేర్వేరు అక్షరాలనుకుని, నెత్తిన గీతలున్న ఇంగ్లీషు "ఏ"లు వరుసగా పేర్చే ప్రమాదం ఉంది. నాలుగోది వ్యూపోర్ట్. దాని సంగతి బాబాయ్ నోటే వినాలి, కాసేపాగండి.

ఇక బాడీలోకి రండి. సెంటర్ పేరు హెచ్1. ఉదయం, సాయంత్రం అనే శీర్షికలు హెచ్2. టిఫిన్లు యూఎల్ జాబితాలో ఎల్ఐలు. ఫోన్ నంబరుకి లింకు వేసే "ఏ" ట్యాగు, దాని హెచ్‌రెఫ్‌లో "టెల్" అని రాసి కోలన్ పెట్టి ప్లస్ 91తో నంబరు. అప్పుడు వేలితో నొక్కగానే డయల్ ప్యాడ్ తెరుచుకుంటుంది. బాబాయ్‌కి మొత్తం పేజీలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నొక్కాల్సినదానికి బటన్ ట్యాగు వాడండి, డివ్‌ని (ఏ అర్థమూ లేని ఉత్త డబ్బా ట్యాగు) బటన్ వేషంలో పెట్టకండి. డివ్‌కి కీబోర్డుతో చేరడం, స్క్రీన్ రీడర్‌కి తానెవరో చెప్పుకోవడం రావు. ప్రతి డబ్బాకీ డివ్ వాడే అలవాటు మొదట్లోనే తుంచేయకపోతే తర్వాత వదలదు.

ఈ దశలో పేజీ వికారంగా ఉంటుంది. ఉండనివ్వండి. టిమ్ బెర్నర్స్-లీ 1991లో సెర్న్‌లో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైటు కూడా ఇలాగే ఉంటుంది. 2013లో సెర్న్ వాళ్లు దాన్ని మళ్లీ నిలబెట్టారు, వెతికి మీ ఫోన్‌లో తెరిచి చూడండి. అక్షరాలు చిన్నగా ఉన్నా అన్నీ చదవొచ్చు, ఏదీ తెర దాటి బయటికి పోదు. ఉత్త హెచ్‌టీఎమ్‌ఎల్ ఏ వెడల్పులోనైనా సర్దుకుంటుంది. ఆ గుణాన్ని చెడగొట్టేది తర్వాత రంగులు, కొలతలు, అమరిక కోసం మనం రాసే సీఎస్ఎస్సే.

సీఎస్ఎస్: ఇక్కడే ఎక్కువ రోజులు ఉండండి

స్టైల్ డాట్ సీఎస్ఎస్ అని వేరే ఫైలు పెట్టి, హెడ్‌లో లింక్ ట్యాగుతో కలపండి. మొట్టమొదట అన్నిటికీ ఎర్రటి అవుట్‌లైన్ గీయండి. నక్షత్రం గుర్తు పెట్టి అవుట్‌లైన్ 1 పిక్సెల్ సాలిడ్ రెడ్ అని రాస్తే సరి. పేజీ అంతా డబ్బాలో డబ్బా, డబ్బాలో డబ్బా అని కంటికి కనిపిస్తుంది. సీఎస్ఎస్ కుస్తీలు చాలావరకు ఈ డబ్బాల లెక్క తెలియక పట్టేవే.

లెక్క చూడండి. వెడల్పు 300 అని రాశారు, లోపల ప్యాడింగ్ 20, అంచు 1. తెర మీద ఆ డబ్బా 342 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. అటు 20, ఇటు 20, అంచులు రెండు కలిశాయి మరి. బాక్స్-సైజింగ్‌ని బోర్డర్-బాక్స్ అని పెడితే చెప్పిన 300లోనే అన్నీ సర్దుకుంటాయి. ఇంకో వింత: పై డబ్బా కింద మార్జిన్ (అంచు బయట వదిలే ఖాళీ) 20, కింది డబ్బా పైన మార్జిన్ 30 ఇస్తే మధ్యలో ఖాళీ 50 రాదు, 30 వస్తుంది. పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా కంప్యూటర్‌ని తిట్టాను.

ఇప్పుడు మెనూ వరుస. ఎడమన పేరు, కుడిన ధర. ఎల్ఐకి డిస్‌ప్లే ఫ్లెక్స్, జస్టిఫై-కంటెంట్ స్పేస్-బిట్వీన్, మధ్యలో కొంచెం గ్యాప్. వచ్చేసిందనుకుంటాం. అప్పుడు మెనూలో "ఉల్లి అల్లం పెసరట్టు ఉప్మాతో" తగులుతుంది. పేరు రెండు వరుసల్లోకి దిగుతుంది, ధరలో రూపాయి గుర్తు ఒక వరుసలో, అంకె ఇంకో వరుసలో పడతాయి. ధరకి వైట్-స్పేస్ నోర్యాప్ ఇవ్వండి, విరగదు. పొడవాటి పేర్లతో ఎప్పుడూ పరీక్షించాలనేది నాకు నేర్పింది ఆ పెసరట్టే.

తప్పు ఎక్కడుందో వెతకడానికి క్రోమ్‌లో ఎఫ్12 నొక్కండి. ఏ డబ్బా మీద మౌస్ పెడితే దాని ప్యాడింగ్, మార్జిన్ రంగుల్లో కనిపిస్తాయి. కుడిపక్క అంకెలు మార్చి అప్పటికప్పుడు ఫలితం చూడొచ్చు. ఊహించి రాసి, సేవ్ చేసి, రీఫ్రెష్ కొట్టి నిట్టూర్చడం కన్నా ఇది మేలు.

రంగుల గురించి ఒక్కటే చెబుతాను. తెల్లటి మీద లేత బూడిద అక్షరాలు ల్యాప్‌టాప్‌లో స్టయిల్‌గా ఉంటాయి, ఎండలో మాయమైపోతాయి. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. ఎఫ్12లో రంగు గడి మీద నొక్కితే ఆ నిష్పత్తి అక్కడే కనిపిస్తుంది.

తెలుగు అక్షరానికి చోటివ్వండి

ఇంగ్లీషు పాఠాల్లో దొరకని భాగం ఇది. మన అక్షరానికి పైన గుడి, ఎత్వం, కింద ఒత్తు ఉంటాయి. "స్త్రీ"లో రెండు ఒత్తులూ ఒక గుడీ ఒకే అక్షరం మీద పడ్డాయి చూడండి. ఇంగ్లీషుకి సరిపోయే 1.2 లైన్-హైట్ (వరుస ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగులుతుంది. 1.6 నుంచి 1.8 దాకా ఇవ్వండి. నేను 1.7 దగ్గర మొదలుపెడతాను.

బటన్‌కి హైట్ 30 పిక్సెళ్లని బిగించి, ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే "ఇడ్లీ"లో ల ఒత్తు తెగి "ఇడీ" అయిపోతుంది. ఎత్తు బిగించొద్దు, పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చి వదిలేయండి. లెటర్-స్పేసింగ్ జోలికి వెళ్లొద్దు, కూడి ఉండాల్సిన అక్షరాలు విడిపోయినట్టు అవుతాయి. రెండు అంచులూ సమం చేసే జస్టిఫై కూడా వద్దు. మన పదాలు పొడవు, మధ్యలో ఖాళీలు పళ్లూడిన నోరులా తయారవుతాయి. ఇటాలిక్ అడిగితే బ్రౌజర్ అక్షరాన్ని పక్కకి తోసేస్తుంది తప్ప, తెలుగులో అలాంటి రూపం మామూలుగా ఉండదు.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలానే ఉన్నాయి. నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు, రామభద్ర, మండలి, బలూ తమ్ముడు. చివరిదాని పేరు చూసి నేను ఒకరోజంతా నవ్వుకున్నాను. మెనూలో పేర్లకి నోటో గానీ అనేక్ గానీ వాడండి, వాటిలో సన్నం నుంచి లావు దాకా రకరకాల మందాలు ఉన్నాయి. సిలికానాంధ్ర అందించిన మండలి చూడ్డానికి బాగుంటుంది గానీ ఒక్క మందమే ఉంది. దానికి బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే లావు పూస్తుంది, అక్షరాల్లోని చిన్న గుండ్రాలు పూడిపోతాయి. రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి సెంటర్ పేరుకి పెట్టండి. రెండు ఫాంట్లు దాటొద్దు. ప్రతి ఫాంటూ జనం డేటాలోంచి దిగేదే.

ఫోన్ చేతిలో పెట్టి చూపించండి

నా మొదటి పేజీని బాబాయ్ ఫోన్‌లో తెరిచినప్పుడు ఆయన అన్న మాట: "ఏదిరా అబ్బాయ్ నా పెసరట్టు? చీమలు పాకినట్టుంది!" వ్యూపోర్ట్ వరుస నేను పెట్టలేదు. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ ఈ పేజీ 980 పిక్సెళ్ల వెడల్పుదని అనుకుని, గీసి, తర్వాత తెరకి పట్టేలా కుదిస్తుంది. చట్రంలో ఆ వరుస దానంతటదే వస్తుంది. నేను చట్రాన్ని చేత్తో కొట్టి గొప్ప పోయాను.

రెండోసారి చూపించినప్పుడు ఫోటోలు రాలేదు. ఫోన్ కెమెరాతో తీసిన దోశ ఫోటో 4 ఎంబీ. అలాంటివి ఆరు. స్కూష్ అనే ఉచిత సైటులో వేసి, వెడల్పు 800కి తగ్గించి, వెబ్‌పీ రకంలో దించుకుంటే 100 కేబీ లోపే వస్తుంది. ఐఎమ్‌జీ ట్యాగులో వెడల్పు, ఎత్తు రాయండి. రాయకపోతే ఫోటో దిగినప్పుడల్లా కింది అక్షరాలు గెంతుతాయి, నొక్కబోయింది ఒకటి, నొక్కింది ఒకటి అవుతుంది. ఫోటో కనిపించనివాళ్ల కోసం ఉండే ఆల్ట్‌లో తెలుగులోనే "అల్లం చట్నీతో పెసరట్టు" అని రాయండి.

ముందు ఫోన్‌కి రాసి, తర్వాత 600 పిక్సెళ్లు దాటితే ఉదయం, సాయంత్రం పక్కపక్కన వచ్చేలా ఒక మీడియా క్వెరీ (తెర వెడల్పుని బట్టి అమలయ్యే సీఎస్ఎస్ నియమం), అందులో గ్రిడ్ (గళ్ల అమరిక). నొక్కేవి 48 పిక్సెళ్ల ఎత్తుకి తగ్గకుండా చూడండి, పిండి చేతుల వేళ్లు మరి.

జావాస్క్రిప్ట్: అవసరం వచ్చాక

పేజీ చేత పనులు చేయించే భాష ఇది. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో దీని తొలి రూపం రాశాడు. మీకు పది రోజుల్లో రాకపోతే బాధపడక్కర్లేదు. మెనూకి దీని అవసరం రెండుచోట్ల వస్తుంది.

ఒకటి ధరలు. నా పేజీలో వడ ధర ఉదయం జాబితాలో, సాయంత్రం జాబితాలో, పైన "నేటి స్పెషల్"లో కలిపి మూడుచోట్ల ఉండేది. ధర పెరిగినప్పుడు రెండు మార్చి ఒకటి మరిచాను. కస్టమర్ ఫోన్ చూపించి పాత రేటే ఇచ్చాడు, తేడా బాబాయ్ భరించాడు. అప్పుడు అర్రే అంటే ఏమిటో నాకు నిజంగా తెలిసింది. ఒక్కచోట జాబితా పెట్టండి. దాన్నే అర్రే అంటారు. అందులో ఒక్కో టిఫిన్ ఒక ఆబ్జెక్ట్ (వివరాల మూట), దానికి పేరు, ధర, పూట. ఫర్ లూప్ ఆ జాబితా మీద తిరుగుతూ ఎల్ఐలు తయారు చేసి పేజీలో పెడుతుంది.

ఇది రాయగానే ఎఫ్12లోని కన్సోల్‌లో ఎర్రగా "క్యానాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ నల్" లాంటిది కనిపించే అవకాశం ఎక్కువ. టెన్షన్ పడకండి. పేజీ ఇంకా పూర్తిగా రాకముందే మీ స్క్రిప్టు పరుగెత్తి, లేని డబ్బా కోసం వెతికింది. జావాస్క్రిప్ట్‌ని వేరే ఫైలులో పెట్టి, దాన్ని కలిపే స్క్రిప్ట్ ట్యాగులో డిఫర్ అనే మాట చేర్చండి. ఎర్ర వరుసని మూసేయకుండా చదవండి, ఫైలు పేరు, వరుస సంఖ్య అందులోనే ఉంటాయి.

రెండోది "ఇప్పుడు తీసి ఉంది" అనే గుర్తు. డేట్ నుంచి గెట్‌అవర్స్ అడిగితే 0 నుంచి 23 దాకా అంకె వస్తుంది. 6 నుంచి 11 లోపు అయితే పచ్చ గుర్తు. పనైపోయిందనుకుంటుండగా డాలస్‌లో ఉన్న బాబాయ్ కొడుకు ఫోన్ చేశాడు: "నాన్నా, పొద్దున్నే మూసేశావేంటి?" గెట్‌అవర్స్ చూసే ఫోన్ ఏ దేశంలో ఉంటే ఆ టైమే ఇస్తుంది. ఇంటిల్ డేట్‌టైమ్‌ఫార్మాట్‌లో టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని ఇస్తే ఎక్కడి నుంచి చూసినా మన టైమే.

ఇంకో తెలుగు చిక్కు. "ఇడ్లీ"కి లెంగ్త్ ఎంత అని జావాస్క్రిప్ట్‌ని అడగండి. 5 అంటుంది. మనకి కనిపించేవి రెండక్షరాలే. ఇ, డ, పొల్లు, ల, గుడి అని అది విడివిడిగా లెక్కపెడుతుంది. మొదటి మూడింటికి కత్తిరిస్తే "ఇడ్" మిగులుతుంది. పొడవు పేర్లని జావాస్క్రిప్ట్‌తో కోయకండి, సీఎస్ఎస్‌లో టెక్స్ట్-ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్‌కి వదిలేయండి. వెతికే గడి పెడితే దోశ, దోసె, దోస మూడూ ఒకే వస్తువని మీరే చెప్పాలి. ఈ విషయంలో మన జిల్లాలకే ఏకాభిప్రాయం లేదు.

చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా అంటే, వాడండి. "మెనూ పేజీ చేసివ్వు" అని మాత్రం అడగొద్దు. మీరు రాసింది ఇచ్చి "ధర ఎందుకు కింది వరుసలోకి పోతోంది?" అని అడగండి. వచ్చిన జవాబులో అర్థం కాని ప్రాపర్టీ ఉంటే మొజిల్లా వాళ్ల ఎమ్‌డీఎన్ అనే వెబ్ పాఠాల సైటులో చూసుకోండి. ఉచితం, నమ్మదగినది.

గోడకెక్కించడం

ఫైళ్లు ఉంచుకునే గిట్‌హబ్ సైటులో ఖాతా తెరిచి, పబ్లిక్ రిపాజిటరీ (అందరికీ కనిపించే ఫోల్డర్) ఒకటి చేసి, ఫైళ్లన్నీ ఎక్కించండి. సెట్టింగ్స్‌లో పేజెస్‌కి వెళ్లి, మెయిన్ బ్రాంచ్ ఎంచుకుని సేవ్ నొక్కితే కాసేపట్లో చిరునామా వస్తుంది. పైసా ఖర్చు లేదు. మీ కంప్యూటర్‌లో కనిపించిన ఫోటోలు ఇక్కడ కనిపించకపోతే ఫైలు పేర్లు చూడండి. విండోస్‌కి పెద్ద "డి", చిన్న "డి" ఒకటే, అక్కడ కాదు. పేర్లన్నీ ఇంగ్లీషులో, స్మాల్ లెటర్స్‌లో, ఖాళీల్లేకుండా పెట్టుకుంటే గొడవే లేదు.

క్యూఆర్ కోడ్ క్రోమ్‌లోని షేర్ మెనూతోనే చేసుకోవచ్చు. "ఉచిత డైనమిక్ క్యూఆర్" అనే సైట్ల జోలికి పోకండి. ఆ కోడ్ ముందు వాళ్ల చిరునామాకి వెళ్లి అక్కడి నుంచి మీ పేజీకి వస్తుంది. వాళ్లు ఆపేసిన రోజు గోడ మీద అంటించింది చిత్తు కాగితమే. ప్రింటు తీసి, లామినేషన్ చేయించి, కౌంటర్ దగ్గర అంటించండి. సాంబారు పడని ఎత్తులో.

రియాక్ట్ ఎప్పుడు? 2013లో ఫేస్‌బుక్ దాన్ని బయటికి వదిలింది ఇలాంటి చిన్న పేజీల కోసం కాదు. పార్సిల్ ఆర్డర్ చేర్చారనుకోండి. ఐటమ్ నొక్కితే పక్కన సంఖ్య మారాలి, కింద మొత్తం మారాలి, పైన బుట్ట గుర్తు మారాలి. వీటిలో ఒకటి మార్చడం మరిచి తల పట్టుకున్న రోజు రియాక్ట్ పాఠం తెరవండి, అది ఏ నొప్పికి మందో తెలిసే చదువుతారు. ఈలోగా గిట్ (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే పనిముట్టు) కమాండ్లు ఓ ఐదారు నేర్చుకోండి.

ఏదో ఒక పొద్దున సెంటర్ నుంచి ఫోన్ వస్తుంది: "ఒరేయ్, వడ ముప్ఫై అయిదు చేశాను, మార్చేయ్." బస్సులో ఉన్నా పర్వాలేదు. ఫోన్‌లోనే గిట్‌హబ్ తెరిచి, జాబితా ఉన్న ఫైలు మీద పెన్సిల్ గుర్తు నొక్కి, 30ని 35 చేసి, కమిట్ కొట్టండి. పావుగంట తర్వాత రీఫ్రెష్ చేసి చూసుకోండి. అదే అంకెని రెండుచోట్ల మార్చాల్సి వచ్చిందంటే మాత్రం, సాయంత్రం ఇంటికెళ్లాక పైన అర్రే గురించి చెప్పిన దగ్గరికి మళ్లీ రండి.